కాడి కిందికి రాని కోడె

టీ నగర్, చెన్నై

అమ్మాయీ,

నీ కథ మొదటిసారి సగం చదివి కోపంతో పక్కన పడేశాను. సైదాపేటలో ఇడ్లీ బండి నడుపుకునే ఆ తల్లికి ఐదు పేజీల్లో మూడుసార్లు ‘అజేయమైన స్ఫూర్తి’ అంటగట్టావు. అది చాలదన్నట్టు చివర్లో ‘ఇన్విన్సిబుల్’ ఒకటి!

లాటిన్‌లో ‘విన్‌కెరె’ అంటే గెలవడం. విక్టరీ అక్కడి నుంచే వచ్చింది. ఎదుటివాణ్ణి వాదించి గెలిస్తే కన్విన్స్. ముందు ‘ఇన్’ చేరితే గెలవడానికి వీల్లేనిది. మన ‘అజేయం’ కూడా అచ్చం ఇదే. అయినా ఆ పేరు పెట్టుకుంటే మాత్రం ఏం ఒరిగింది? ఇన్విన్సిబుల్ అనే బ్రిటిష్ యుద్ధనౌక 1916 మే 31న జట్లాండ్ యుద్ధంలో పేలి రెండు ముక్కలైంది. వెయ్యిమందికి పైగా పోయారు. బతికింది ఆరుగురు.

నీ కథలో తల్లి ఓడిపోయింది కదమ్మా! బండిని లారీలో ఎక్కించుకుపోయారు. మర్నాడు చెట్టు కింద స్టవ్వు పెట్టింది. ఆమెకు సరిపోయే మాట ‘ఇండామిటబుల్’. లాటిన్‌లో ‘డొమారె’ అంటే మచ్చిక చేయడం. మన సంస్కృతం ‘దమ్’ దానికి దగ్గరి చుట్టం. ‘దమ్యం’ అంటే ఇంకా కాడికి అలవాటు చేయాల్సిన కోడెదూడ. అలాంటిది మా ఇంట్లో ఒకటుండేది. మెడమీద కాడి పడగానే ముందుకాళ్లు మడిచి కూలబడేది. వీపు వాచేలా కొట్టినా లేచేది కాదు. అది గెలిచిందని ఊళ్లో ఎవరూ అనలేదు. దాని చేత దున్నించామని మా నాన్నా అనలేకపోయాడు. అదమ్యం అంటే అదీ.

ప్రతి విశేషణం కడుపులో ఓ క్రియ ఉంటుంది. అది దొరికేదాకా ఆ మాట జోలికి పోకు. నేను కోడంబాక్కంలో ప్రూఫులు దిద్దుకుని బతికే రోజుల్లో ‘చెమ్మ’ అని ఓ కథ రాశాను. సంపాదకుడుగారు నాతో మాటైనా అనకుండా ‘అజేయ’ అని పేరు మార్చి అచ్చేశాడు. అడిగితే, పేరులో ఊపుండాలయ్యా అన్నాడు. కథలో అజేయ అనే అమ్మాయి ఎప్పుడొస్తుందని చివరిదాకా ఎదురుచూశానంటూ ఓ పాఠకుడి కార్డు! ఇప్పుడు వాట్సాప్ కథలన్నిటికీ అదే జబ్బు.

కలం పేరు, పోటీలు అంటూ ఏవో అడిగావు. వాటికిప్పుడు తొందరేం లేదు.

కాలిన వేళ్లను ఆమె ఇడ్లీపిండి గిన్నెలో ముంచిందని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం కోసమే కథను మళ్లీ తీశాను. బండి పోయిన రోజు ఆ గిన్నెలో పిండి మిగిలే ఉంటుంది. రాత్రికి పులిసిపోయిందా? పక్కింటివాళ్లకు ఇచ్చేసిందా? మర్నాడు చెట్టుకింద పోసిన ఇడ్లీలు ఆ పిండివేనా? అది రాసి పంపు.

ఆశీస్సులతో