బండి కబుర్లు: మూడు కిలోమీటర్ల బడికి డీజిల్ కారు ఎందుకమ్మా?

ప్రశ్న: మా ఇంట్లో ఐదుగురం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. మొదటిసారి కొత్త కారు కొంటున్నాం. పిల్లల స్కూలు 3 కిలోమీటర్లు, నా ఆఫీసు 9 కిలోమీటర్లు. అన్నీ కలిపినా నెలకు 700 కిలోమీటర్లు దాటదు. ఏడాదికి రెండుసార్లు మాత్రం దూర ప్రయాణం చేస్తాం. మా మరిది డీజిల్ కొనమంటాడు, మా తమ్ముడు హైబ్రిడ్ అంటాడు, షోరూంలోనేమో టర్బో పెట్రోల్ చూపించి పంపారు. వీళ్ల మధ్య నాకు టెన్షన్ పట్టుకుంది. ఊరికే మెకానిక్ దగ్గరకు పరిగెత్తించకుండా, మైలేజీ కూడా బాగా ఇచ్చే బండి ఏది?

జవాబు: అమ్మా, ఇంత వివరంగా రాసేవాళ్లు అరుదు. చాలామంది "మంచి మైలేజీ బండి చెప్పండి" అని ఒక్క లైను రాసి ఊరుకుంటారు. ఎంత తిరుగుతారో, ఎక్కడ తిరుగుతారో చెప్పకుండా అలా అడగడం, కాలి కొలత ఇవ్వకుండా చెప్పులు తెమ్మన్నట్టే. మీ ఉత్తరంలో 3, 9, 700 అని మూడు అంకెలున్నాయి. సగం జవాబు వాటిలోనే ఉంది.

ముందు 700 సంగతి చూద్దాం. లీటరుకు 15 ఇచ్చే బండైతే నెలకు 47 లీటర్ల దాకా తాగుతుంది. 20 ఇచ్చేదైతే 35 లీటర్లు. తేడా 12 లీటర్లు. దాన్ని ఏడాదికి లెక్కగట్టి, ఆ రెండు బళ్ల ధరల్లో ఉన్న తేడా పక్కన పెట్టి చూడండి. ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో మీకే తెలుస్తుంది. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. మైలేజీ 10 నుంచి 12కు పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 24కు పెరిగితే మిగిలేది 8 లీటర్ల చిల్లరే. చెవికి రెండు కన్నా నాలుగు పెద్దగా వినిపిస్తుంది, ట్యాంకులో మాత్రం సగమే కనిపిస్తుంది. కాబట్టి 20 దాటాక ఒక్కో కిలోమీటరు కోసం పాకులాడకండి. గేర్‌బాక్స్ ఒక్కసారి రిపేరుకొచ్చిందంటే, ఏళ్ల తరబడి మిగిల్చిన పెట్రోలంతా అందులోనే కొట్టుకుపోతుంది.

మీ మరిదిగారు చెప్పింది రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకైతే మంచి సలహానే. లీటరు డీజిల్‌లో పెట్రోల్ కన్నా శక్తి పదో వంతు పైనే ఎక్కువ, ఇంజన్ కూడా పొదుపరి. కానీ ఇప్పటి డీజిల్ బళ్లకు పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. డీపీఎఫ్ అంటాం. అది నిండాక ఆ మసిని 600 డిగ్రీల దగ్గర కాల్చేయాలి. అంత వేడి నిలవాలంటే బండి ఆగకుండా ఓ 20 నిమిషాలు పరిగెత్తాలి. 3 కిలోమీటర్ల స్కూలు దారిలో ఇంజనే సరిగా వేడెక్కదు, ఇక ఫిల్టర్ ఎక్కడ కాలుతుంది?

ఓ టీచరమ్మ బండి నా షెడ్డుకు వచ్చింది. రోజుకు నాలుగు కిలోమీటర్ల తిరుగుడు. కొన్న ఎనిమిది నెలలకే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆయిల్ తగ్గిన బళ్లు రోజూ చూస్తూనే ఉంటాం. దీనిలో మాత్రం ఆయిల్ పైగీత దాటి వేలెడంత పైకి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున డీజిల్ వాసన. ఫిల్టర్‌ను కాల్చడం కోసం ఇంజన్ కొంత డీజిల్‌ను అదనంగా చల్లుతుంది. ఆ పని అయ్యేలోగా ఇల్లొచ్చేసి తాళం తిప్పేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. అలా పలచబడిన ఆయిల్‌తో బేరింగులు ఎన్నాళ్లు బతుకుతాయి? "రోజూ మెల్లగానే నడుపుతానండీ" అందావిడ, పాపం. ఆ మెల్లగా నడపడమే దాని జబ్బని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు డీజిల్ వద్దు.

టర్బో పెట్రోల్ చెడ్డదేం కాదు. ఇంజన్‌లోకి గాలిని బలంగా కుక్కి, చిన్న ఇంజన్‌తో పెద్ద పని చేయిస్తుంది. మెల్లగా వెళ్తే మైలేజీ ఇస్తుంది, కాలు కాస్త బరువైతే తాగేస్తుంది. ఆయిల్ మార్చడం మాత్రం ఆలస్యం చేయకూడదు. పైగా వాటిలో చాలావరకు పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం. పాత పద్ధతిలో గాలిని లోపలికి వదిలే వాల్వుల వెనక చిమ్మేటప్పుడు పెట్రోలే వాటిని కడిగేది. ఇందులో ఆ కడుగుడు లేదు కాబట్టి వాల్వుల మీద మసి పేరుకుంటుంది. పదేళ్లు ఉంచుకునే ఇంటి బండికి, నన్నడిగితే, టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజనే హాయి. పిస్టన్లు, వాల్వులు వరస తప్పకుండా కదిలేలా చూసే టైమింగుకు బెల్టు ఉందా, చైన్ ఉందా అని కూడా అడగండి. బెల్టయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు మార్చి తీరాలి. అది తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టేస్తాయి.

ఇక మీ తమ్ముడి హైబ్రిడ్. అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్న బండి. ఇది ఆలోచించదగ్గ మాట. టయోటా ప్రియస్ జపాన్‌లో 1997లో వచ్చింది. "రెండు ఇంజన్లంటే రెట్టింపు రిపేర్లు" అని అప్పట్లో మేమంతా నవ్వుకున్నాం. ఆ తర్వాత అవే బళ్లు ఎన్నో దేశాల్లో టాక్సీలుగా తిరిగి మా నోళ్లు మూయించాయి. ఆ రకంలో మామూలు క్లచ్ లేదు, విడిగా స్టార్టర్ మోటార్ లేదు. బ్రేకు నొక్కినప్పుడు పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి వెళ్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లోనే దాని అసలు లాభం. హైవే మీద ఆ లాభం తగ్గిపోతుంది. మీ ఆఫీసు దారి రద్దీగా ఉంటే సరిగ్గా సరిపోతుంది. లీటరుకు 22 ఇచ్చిందనుకున్నా, 15 ఇచ్చే బండితో పోలిస్తే మీకు నెలకు మిగిలేది 15 లీటర్లు. ధర తేడాను దీంతో తూచండి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద చూసుకోండి. ఇంకొకటి, చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు పక్కనుంచో, కిందనుంచో వెళ్తుంది. ఆ జాలీకి అడ్డంగా స్కూలు బ్యాగులు, స్వెట్టర్లు పడేస్తుంటారు పిల్లలు. బ్యాటరీ పాడైందని నా దగ్గరకు తెచ్చిన ఒక బండికి అసలు జబ్బు, ఆ జాలీలో ఇరుక్కున్న చాక్లెట్ కాగితాలు, జానెడు దుమ్ము.

ఇప్పుడు నా సిగ్గు కథ ఒకటి. ముప్పై ఏళ్లుగా బళ్ల కింద పడుకుంటున్నవాణ్ణి, నేనే బోల్తాపడ్డాను. కొత్తగా వచ్చిన మోడల్, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. గేరు మారడం వెన్నలా ఉందని విడుదలైన రెండో నెలలోనే కొన్నాను. ఏడో నెలలో ఓ సాయంత్రం ట్రాఫిక్‌లో గేరు గుర్తు మిణుకుమిణుకుమని బండి కదలనంది. బయట వాన, లోపల పిల్లలు, వెనక హారన్ల మోత. మా ఆవిడ ఒక్క మాటే అంది: "మీరు మెకానికే కదా?" ఇరవై నిమిషాలు చల్లారాక దానంతట అదే కదిలింది. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట సాఫ్ట్‌వేర్ మార్చారు, తర్వాత క్లచ్‌లు మార్చారు. మరుసటి ఏడాది మోడల్‌లో ఏకంగా ఆ భాగాన్నే మార్చేశారు. నా బండి మాత్రం పాతదానితోనే మిగిలిపోయింది. అప్పట్నుంచీ ఏ ఇంజనైనా, ఏ గేర్‌బాక్సైనా రోడ్డెక్కి రెండు మూడేళ్లు గడవనిదే దాని జోలికి పోవడం లేదు. మీరూ అంతే చేయండి. అదే మోడల్‌ను టాక్సీగా నడిపే డ్రైవరు కనిపిస్తే ఆపి అడగండి. ఏది ముందు అరిగిందో, ఏ పార్టు కోసం ఎన్ని రోజులు ఆగాల్సి వచ్చిందో అతను చెప్పినంత నిజాయితీగా ఇంకెవరూ చెప్పరు.

కాబట్టి మార్కెట్లోకి వచ్చి మూడేళ్లు దాటిన మోడల్‌లో కొత్త మామూలు పెట్రోల్ బండి, లేదా ఎనిమిది పదేళ్లు ఉంచుకునే పనైతే హైబ్రిడ్. ఇందులో మొదటిదానికే నా ఓటు. కొనేముందు మీ అత్తగారిని షోరూంకు తీసుకెళ్లండి, ఇది మర్చిపోకండి. సీటు మరీ కిందికి ఉంటే లేచేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది, మరీ ఎత్తయితే ఎక్కేటప్పుడు కాలు లేపాలి. నిలబడి వెనక్కి జరిగితే సరిగ్గా కూర్చునే చోటికే సీటు తగిలే ఎత్తు ఆవిడకు సరైన ఎత్తు. మూడుసార్లు ఎక్కించి, దింపి చూడండి. సేల్స్ కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రశ్న: బ్రోచర్‌లో లీటరుకు 24 అని ఉంది. నాకు 16 దాటడం లేదు. నన్ను మోసం చేశారా?

జవాబు: మోసం అనలేను బాబూ. ఆ అంకె రోడ్డు మీద వచ్చింది కాదు, గదిలో రోలర్ల మీద బండిని నడిపి తీసింది. యూరప్‌లో 2017 నుంచి వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ పరీక్షనే చూడండి. పాతదానికన్నా చాలా నయం. అయినా 23 డిగ్రీల గదిలో, ఏసీ ఆపేసి, అరగంటలో 23 కిలోమీటర్లు నడుపుతారు. మీరు ఏసీ వేసుకుని, ఐదుగురిని ఎక్కించుకుని, సిగ్నల్ దగ్గర ఆగి ఆగి వెళ్తారు. తేడా రాకుండా ఎలా ఉంటుంది?

అయినా ఆ 16 ఎక్కడిది? డ్యాష్‌బోర్డు చూసి చెప్తున్నారా? అది కాస్త గొప్పలు చెప్పడం నేను చాలా బళ్లలో చూశాను. ట్యాంకు నింపించి, బంకులో పైపు టక్కున ఆగగానే ఆపించండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. 400 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు చేసి సగటు తీస్తే అదే మీ మైలేజీ.

అప్పటికీ 16 దగ్గరే ఉంటే ముందు టైర్లలో గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు డోరు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద రాసిన అంకె దాని గరిష్ఠ పరిమితి, మీరు నింపాల్సింది అది కాదు. డిక్కీలో ఏళ్లుగా మోస్తున్న సామాను, పైన ఖాళీగా ఉన్న క్యారియర్ తీసేయండి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది కాబట్టి హైవే మీద 110లో వెళ్లేవాళ్లు 90కి దిగితే ఆ ట్యాంకులోనే తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: ఆరేళ్ల పాత కారు, 40,000 కిలోమీటర్లే తిరిగిందంటున్నారు. ఏం చూసి కొనాలి?

జవాబు: ఇంజన్ వేడెక్కించి ఉంచొద్దని ముందే చెప్పి, పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోగా ఏదో దాచారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి పోతే ఫరవాలేదు, ఆగకుండా వస్తుంటే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్ లోపలికి వెళ్తోందేమోనని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తిప్పి చూడండి. లోపల తెల్లటి నురగలాంటి జిడ్డు బాగా పేరుకుని ఉంటే, మెకానిక్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. చిన్న చిన్న దూరాలే తిరిగిన బండిలో కొంచెం ఉండొచ్చు.

కిలోమీటర్ల సంగతి మీటరు కన్నా బ్రేక్ పెడల్ రబ్బరు బాగా చెప్తుంది. 40,000కే అది నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉంటే ఆ మీటరును నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. నాలుగు టైర్లవీ నాలుగు రకాల తేదీలుంటే ఎందుకో అడగండి, సమాధానం కన్నా తడబాటు ఎక్కువ చెప్తుంది. సర్వీసు బిల్లుల మీద రాసిన కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందని మా నాన్నగారు అంటారు. నిజమేనా?

జవాబు: మీ నాన్నగారి కార్బురేటర్ (గాలీ, పెట్రోలూ కలిపే పాత పరికరం) బండిలో అలా అనుకోవడం సహజమే. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. పైగా బండిని పట్టి ఉంచే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అలా దిగి, కింద మలుపు దగ్గర చక్రాల నుంచి పొగలు వస్తున్నాయని ఫోన్ చేసినవాళ్లు నాకు బాగానే ఉన్నారు. రెండో గేరులోనో, మూడో గేరులోనో దిగమని చెప్పండి.