అడ్వాన్సు వచ్చింది సరే, అది మీ డబ్బు కాదు

శ్రీకాళహస్తి నుంచి ఒకావిడ రాశారు. వయసు 36. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఏడేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసి, మూడో తరగతి చదివే బాబుతో అమ్మ దగ్గరికి వచ్చేశారు. చిన్నప్పుడు నేర్చుకున్న కలంకారీయే ఇప్పుడు జీవనాధారం. నిరుడు మొత్తం 5,60,000 వచ్చింది, బట్ట, రంగులు, సాయం చేసే అమ్మాయి కూలి, కొరియర్ పోను 3,60,000 మిగిలింది. ఒక నెల 90,000 వస్తే ఇంకో నెల 9,000. బంగారం మీద 1,20,000 అప్పు ఉంది, దాని వడ్డీ 1,200తో కలిపి ఇంటి ఖర్చు నెలకు 21,000. బ్యాంకులో 85,000, పాత ఉద్యోగం తాలూకు పీఎఫ్ 3,10,000 ఉన్నాయి. "పీఎఫ్ తీసేసి అప్పు తీర్చి, మిగతా డబ్బుతో బట్టలు ఆరేసుకోవడానికి రేకుల షెడ్డు వేసుకోనా? తెలిసినాయన ఏడాదికి 50,000 కట్టే యులిప్ (బీమా, మార్కెట్ పెట్టుబడి కలిపిన పాలసీ) తీసుకోమంటున్నాడు. లేక ఇదంతా వదిలేసి మళ్లీ ఉద్యోగానికి పోవడమే మంచిదా?" అని అడిగారు.

ఉద్యోగం సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ 85,000 లెక్క. మీ ఉత్తరంలో కింద ఎక్కడో చిన్నగా రాశారు, అందులో 48,000 పెళ్లి చీరలకు తీసుకున్న అడ్వాన్సు అని. అంటే మీ దగ్గర ఉన్నది 37,000. చీర గీసి, ఉతికి, మడతపెట్టి వాళ్ల చేతిలో పెట్టేదాకా ఆ 48,000 అప్పే, వడ్డీ లేని అప్పు అంతే తేడా. చేతిపని చేసేవాళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఈ నెల అడ్వాన్సుతో పోయిన నెల కరెంటు బిల్లు కడతారు, తీరా బట్ట కొనాల్సి వచ్చేసరికి ఇంకో అడ్వాన్సు కోసం ఎదురుచూస్తారు.

ఇక చీరల లెక్క. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ సమస్యలో సగం ఇదే అని నాకనిపిస్తోంది. ఒక చీరకు బట్ట 2,800, కరక్కాయ, పాలు, రంగులు, పటిక అన్నీ కలిపి 900, సాయం చేసే అమ్మాయికి రోజుకు 500 చొప్పున ఆరు రోజులకు 3,000. మొత్తం 6,700. అమ్మింది 11,000కి. మిగిలిన 4,300 కోసం మీరు 19 రోజులు వంగి కూర్చున్నారు. భాగించి చూడండి, రోజుకు 226 రూపాయలు. మీ దగ్గర రంగులు నింపే అమ్మాయికి 500 ఇస్తున్నారు, మీకు మీరు అందులో సగం కూడా ఇచ్చుకోవడం లేదు! నిరుడు అలాంటి చీరలు ఆరు చేశానన్నారు, అంటే 114 రోజులకు మిగిలింది 25,800. మిగతా 3,34,000 పైచిలుకు దుపట్టాలు, గోడకు తగిలించే బొమ్మలు, ఆదివారం ఆన్‌లైన్ క్లాసుల వల్ల వచ్చినవే. చీర మీకు పేరు తెస్తోంది, ఇల్లు మాత్రం దుపట్టాలే నడుపుతున్నాయి.

మీ రోజు విలువ 800 అనుకున్నా 19 రోజులకు 15,200, ఖర్చుతో కలిపి చీర ధర 22,000 దగ్గర పడుతుంది. మెషీన్ మీద అచ్చేసిన 'కలంకారీ' వందల్లో దొరుకుతుంటే అంత ఎవరు పెడతారు అంటారేమో. పెట్టేవాళ్లు తక్కువే ఉంటారు, ఏడాదికి రెండు చీరలే పోవచ్చు. పోనివ్వండి, ఆ మిగిలిన రోజుల్లో దుపట్టాలు గీసుకోండి. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది, ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకుంటే చీరతో పాటు ఆ మాట కూడా చెప్పి అమ్మొచ్చు. ధర ఎక్కువ చెప్పడానికి మొహమాటపడేవాళ్లకు ఒక కాగితం చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

షెడ్డు వద్దు. ఎందుకు వద్దో మీరే రాశారు, బట్టకు పారే నీళ్లు కావాలి, మంచి ఎండ కావాలి అని. రేకుల కింద ఎండ ఎక్కడుంటుందండీ? మీ ఆదాయం కూడా ఇష్టం వచ్చినట్టు ఎగుడుదిగుడుగా లేదు. మీరు పంపిన నెలల పట్టీలో అక్టోబరు 14,000, నవంబరు 9,000, డిసెంబరు 11,000. మీ వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడేది సరిగ్గా అప్పుడే. అంటే మీ సంవత్సరానికి తొమ్మిది నెలలే, ఆ తొమ్మిదీ పన్నెండు నెలలకు అన్నం పెట్టాలి. వానల్లో కాగితం మీద డిజైన్లు, క్లాసులు, కొత్త ఏడాది ఆర్డర్ల మాటలు పెట్టుకోండి.

దానికి పద్ధతి ఏమిటంటే, రెండు ఖాతాలు. వచ్చే ప్రతి రూపాయీ, ఫోన్‌పే అయినా నగదు అయినా, పని ఖాతాలోకే వెళ్లాలి. ఒకటో తారీఖున అందులోంచి 22,000 ఇంటి ఖాతాకు జీతంలా వేసుకోండి. 90,000 వచ్చిన నెల కూడా 22,000 మాత్రమే, ఆ నెల ఫ్రిజ్ కొనాలనిపిస్తుంది, తెలుసు. సెప్టెంబరు ఆఖరుకి అడ్వాన్సులు కాకుండా పని ఖాతాలో మూడు నెలల జీతం, అంటే 66,000 ఉండాలి. ఉన్న 37,000 దానికి మొదలు.

మిగతాది ఎక్కడినుంచి వస్తుందంటే, బెంగళూరు బొటిక్‌వాళ్లు ఐదు నెలలుగా ఇవ్వాల్సిన 64,000 ఉంది కదా, అందులోంచి 29,000 ఇక్కడికి, 35,000 బంగారం అప్పు అసలుకు. ఆ బొటిక్ యజమానురాలు "వచ్చే వారం" అంటూనే ఉంది అని రాశారు, మీరేమో గట్టిగా అడగడానికి జంకుతున్నారు. ముందు చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఉచితమే, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. చిన్న ఉత్పత్తిదారు దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు ఒప్పందం రాసుకున్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి, రాతకోతలు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. ఇది రిజిస్ట్రేషన్ తర్వాత ఇచ్చిన సరుకు విషయంలోనే గట్టిగా నిలబడుతుంది, కాబట్టి పాత బాకీని మంచి మాటతోనే, కానీ వాట్సాప్ మెసేజ్‌లో కాకుండా తేదీ వేసిన ఉత్తరంతో అడగండి. ఇకపై సగం డబ్బు ముందు, సగం పార్సిల్ కట్టేముందు. చేతిపనివాళ్లకు కేంద్ర జౌళి శాఖ ఇచ్చే పహచాన్ కార్డు కూడా తీసుకోండి. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం గురించి అడిగారు, అది వర్తించే 18 వృత్తుల్లో కలంకారీ లేదు, దాని చుట్టూ తిరగకండి.

పీఎఫ్ విషయంలో నేను లెక్కకు విరుద్ధంగా చెబుతాను. బంగారం అప్పుకు మీరు 12 శాతం కడుతున్నారు, పీఎఫ్ మీద 2024-25కి వచ్చింది 8.25 శాతం. 1,20,000 తీసి కట్టేస్తే ఏడాదికి 4,500 మిగులుతుంది, అదీ ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి పన్ను లేకుండా. అయినా తీయొద్దంటాను. ఉద్యోగం మానేసినా వడ్డీ పడుతూనే ఉంటుంది, పైగా ముసలితనానికి మీకున్నది అదొక్కటే. ఒకసారి తాళం తీస్తే అప్పుతో ఆగదు, మీరే చూడండి, అప్పు పేరు చెప్పి వెంటనే షెడ్డు కూడా కలిపేశారు.

యులిప్ వద్దు, ఐదేళ్లదాకా చేతికి రాని డబ్బు మీకిప్పుడు పనికిరాదు. బీమా కావాలి, కానీ అది కాదు. బ్యాంకులోనే ఏడాదికి 436 కడితే 2 లక్షల జీవిత బీమా, 20 కడితే 2 లక్షల ప్రమాద బీమా, రేపే చేయించండి. బాబున్నాడు కాబట్టి ఈ 2 లక్షలు చాలవు, రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చేతికొచ్చాక టర్మ్ పాలసీకి (పెట్టుబడి కలపని, ఉత్త జీవిత బీమాకు) వెళ్లండి. అమ్మకు, మీకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే ఆరోగ్య బీమా చూడండి, సొంతంగా తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

పన్ను గురించి టెన్షన్ పడకండి. కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు, మీ 3,60,000 దాని లోపలే. వచ్చిన మొత్తంలో సగం లాభంగా చూపించాలని ఎవరో చెప్పారట, అది డాక్టర్లు, ఆర్కిటెక్టుల్లాంటి వృత్తులకు, చీర గీసి అమ్మడం వ్యాపారం కిందికి వస్తుంది. కానీ రిటర్ను మాత్రం వేయండి. రేపు ముద్రా లోన్‌కైనా, టర్మ్ పాలసీకైనా ముందు అడిగేది ఆ కాగితాలే.

ఇక ఉద్యోగం. ఇప్పుడే పోవద్దు. చీర ధర మార్చి, జీతం పద్ధతి పెట్టి ఒక వానాకాలం దాటి చూడండి, డిసెంబరులో కూడా 22,000 ఖాతాలో పడిందంటే ఈ ప్రశ్న మళ్లీ అడగరు. పడకపోతే వారానికి మూడు రోజుల యానిమేషన్ పని ఇంటినుంచి దొరుకుతుందేమో వెతకండి, అందులో తప్పేం లేదు. పూర్తి ఉద్యోగానికే వెళ్లాల్సి వస్తే, పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఏడు ఉన్నాయి, కాబట్టి పెన్షన్ డబ్బు వెనక్కి తీసుకోకుండా, ఆ ఏడేళ్లూ లెక్కలో ఉండేలా చేసే స్కీమ్ సర్టిఫికెట్ తెచ్చుకుని పెట్టుకోండి.

ఒకటి మాత్రం మీరు రాయలేదు, బంగారం అప్పు తిరగరాయించాల్సిన తేదీ ఎప్పుడో. ఆ రసీదు బీరువాలోంచి తీసి ఇవాళే చూసుకోండి, తేదీ దగ్గర్లో ఉంటే బొటిక్‌కు రాసే ఉత్తరం రేపటికి వాయిదా వేయకండి.