ఆ 'కాబట్టి' దగ్గర కాసేపు ఆగు

అమ్మాయీ,

ఆ నాయకుడి ఇష్టాలను బట్టి ఆయన స్వభావం చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. ధాటి ఉంది. కానీ "ఆయనకు యుద్ధ సినిమాలంటే ప్రాణం, కాబట్టి దూకుడు మనిషి" అన్న చోట నా పెన్సిల్ ఆగిపోయింది. ఈ ఉత్తరం ఆ 'కాబట్టి' గురించే.

అలా అంటే స్టాలిన్‌ని ఏమనాలి? అర్ధరాత్రి దాకా సహచరులను కూర్చోబెట్టుకుని సినిమాలు చూసేవాడు. ఆయనకు బాగా నచ్చినవాటిలో 'వోల్గా-వోల్గా' ఒకటి. డాంబికాల అధికారి ఒకడిని ఆటపట్టించే మ్యూజికల్ కామెడీ అది. వచ్చింది 1938లో. బయట మనుషులను పట్టుకెళ్లి కాల్చేస్తున్న రోజులవి. నీ లెక్కన ఆయన సరదా మనిషి అవ్వాలి!

నేనూ ఈ తప్పు చేశాను. కుర్రతనంలో ఒక నాయకుడు విషాద గీతాలు కూనిరాగం తీస్తాడని విని, ఆయన సున్నిత మనస్కుడని నాలుగు పేజీలు రాసేశాను. అచ్చయ్యాక ఆయన దగ్గర పనిచేసే ఒకాయన ఫోన్ చేసి నవ్వాడు: "మమ్మల్ని తిట్టడం అయ్యాక పెట్టుకునే పాటలండీ అవి."

'హై నూన్' సినిమా సంగతి చూడు. ఊరంతా చెయ్యిచ్చాక దుండగులను ఒంటరిగా ఎదుర్కొనే మార్షల్ (ఊరి పోలీసు అధికారి) కథ. అమెరికా అధ్యక్షుల్లో ఐసెన్‌హోవర్‌కి ఇష్టం, క్లింటన్‌కీ ఇష్టం. పార్టీలు వేరు, స్వభావాలు వేరు. వైట్‌హౌస్‌లో కూర్చున్న ఎవరికైనా ఏదో ఒక రోజు అందరూ తనను వదిలేశారనిపిస్తుంది కదా. ఆ ఇష్టంలో మనిషి పాలెంతో, కుర్చీ పాలెంతో తేల్చడం కష్టం.

అలాగని అభిరుచులను పట్టించుకోవద్దని అనను. ఏది ఇష్టం అన్న చోట ఆగకు, అందులో ఆయనకు ఏం వినబడింది అని అడుగు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన డేవిడ్ కామెరాన్ 2008లో 'ఈటన్ రైఫిల్స్' పాట తనకిష్టమని చెప్పుకున్నాడు. ఆయన చదివింది ఈటన్ అనే సంపన్నుల బడిలోనే. ఆ పాట ఎక్కుపెట్టింది సరిగ్గా ఆ వర్గం మీదే. రాసిన పాల్ వెల్లర్‌కి ఒళ్లు మండింది. చాలామంది కామెరాన్‌కు పాట అర్థం కాలేదని నవ్వారు. నాకలా అనిపించదు. పుట్టినప్పటి నుంచీ సుఖంగా పెరిగినవాడికి తిట్టు కూడా మంచి బాణీలా వినబడుతుంది. తననే అంటున్నారన్న అనుమానం రాదు. నువ్వు వెతుకుతున్న స్వభావం అక్కడ దొరుకుతుంది.

అమెరికా అధ్యక్షుడు రీగన్‌దీ ఇలాంటిదే. 1984 సెప్టెంబర్‌లో న్యూజెర్సీ ఎన్నికల సభలో రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. అప్పుడు ఊపేస్తున్న ఆ గాయకుడి ఆల్బమ్‌లోని ప్రధాన గీతమేమో వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు. అయితే ఆ ముక్క రీగన్ మనసులోదా, ఉపన్యాసం రాసిచ్చినవాడిదా? అది తేలకుండా ఆయన మనసు గురించి రాయకు.

మైకు ముందు చెప్పిన ఇష్టానికి మార్కులు తక్కువ వెయ్యి. కామెరానే చాలా ఏళ్లు ఆస్టన్ విల్లా ఫుట్‌బాల్ జట్టు అభిమానినని చెప్పుకుని, 2015 ఎన్నికల ప్రచారంలో నోరు జారి వెస్ట్ హామ్ అనే వేరే జట్టు పేరు చెప్పాడు. నిజమైన అభిమాని నిద్రలో లేపి అడిగినా తడబడడు.

తలుపులు మూసుకుని మళ్లీ మళ్లీ చూసేదానికి కాస్త విలువుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1970లో 'ప్యాటన్' సినిమాను పదేపదే వేయించుకుని చూశాడు. ఎవరి మాటా లెక్కచేయని సైన్యాధిపతి కథ. ఆ ఏప్రిల్ 30న కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నట్టు టీవీలో ప్రకటించాడు. సినిమా చూసి యుద్ధం చేశాడని రాస్తే నేను ఒప్పుకోను. ముందే తీసుకోబోతున్న నిర్ణయానికి గుండె ధైర్యం అక్కడ వెతుక్కున్నాడేమో, అంతవరకు అనొచ్చు. అక్కడ కూడా 'ఏమో' తీసెయ్యకు.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. మూడో పేరా పక్కన గీత పెట్టాను చూడు. అక్కడ నువ్వు రాసిన పాట తనకిష్టమని నీ నాయకుడు మొదటిసారి ఎప్పుడు చెప్పాడో కనుక్కో. అది ఎన్నికల ఏడాదైతే, పేరా మొత్తం కొట్టేసి ఆయన కారు నడిపే మనిషితో మాట్లాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు