బడి పిల్లలకు బీపీ: ముందు చేతి చుట్టుకొలత చూడండి

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఎత్తు 141 సెం.మీ., బరువు 47 కిలోలు. బళ్లో పరీక్షలు చేసి బీపీ 122/78 అని చీటీ ఇచ్చారు. 120/80 మామూలేగా అంటారు మావారు. బొద్దుగా ఉన్నాడంతే, ఎదిగితే అదే సర్దుకుంటుందంటారు అత్తయ్య. మందులు వాడాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: 120/80 లెక్క 13 ఏళ్లు నిండినవాళ్లది. అంతకంటే చిన్నవాళ్లకు వయసు, ఆడా మగా, ఎత్తు కలిపి చూసే పట్టికలున్నాయి. పొడుగు పిల్లల్లో బీపీ సహజంగానే కాస్త ఎక్కువ కాబట్టి ఎత్తును లెక్కలోకి తీసుకున్నారు. బరువుకు అలాంటి రాయితీ లేదు. పైగా అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన పట్టికల్లో అధిక బరువున్న పిల్లల కొలతలు అసలు కలపలేదు. వాటి ప్రకారం మీ బాబు వయసుకు, ఎత్తుకు సుమారు 116/78 చేరితే చాలు, ఎక్కువ కింద లెక్క. బాబు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 23.6. పెద్దవాళ్లలో ఇది పెద్ద అంకె కాదు గానీ, పదేళ్లకు అది ఊబకాయమే.

అయినా ఆ చీటీ చూసి కంగారు పడకండి. బళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: చిన్నపిల్లాడు కదా అని పిల్లల కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) కట్టేస్తారు. కఫ్ ఎంచుకోవాల్సింది వయసును బట్టి కాదు, చేతిని బట్టి. భుజం ఎముక కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపుతో చుట్టుకొలత తీయండి. కఫ్ లోపల గాలి నిండే రబ్బరు సంచి వెడల్పు అందులో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. చెయ్యి 26 సెం.మీ. ఉంటే వెడల్పు పదిన్నర, పొడవు 21కి తగ్గకూడదు. అంటే పదేళ్లవాడికైనా పెద్దల కఫ్పే! కఫ్ ఇరుకైతే లేని బీపీని చూపిస్తుంది, మరీ పెద్దదైతే ఉన్నదాన్ని దాస్తుంది. మణికట్టు మిషన్లు పిల్లలకు వద్దు.

మూత్రానికి పంపి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టాలి. కుడిచెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. ఎక్కువొస్తే అప్పుడే మరో రెండుసార్లు చూసి, ఆ రెండింటి సగటు తీయాలి. రెండు వారాల్లోపు మళ్లీ, ఆ తర్వాత మూడు నెలలకు డాక్టరు దగ్గర చెవిగొట్టంతో చూపించండి. మూడుసార్లూ ఎక్కువుంటేనే బీపీ ఉన్నట్టు.

అప్పుడది ఉత్త బొద్దుతనం కాదు. కొవ్వు పెరిగేకొద్దీ రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది, దానివల్ల కిడ్నీలు ఉప్పును వదలకుండా పట్టేసుకుంటాయి. రక్తనాళాలను బిగించే నరాలూ ఎక్కువ పనిచేస్తాయి. రాత్రి గురక పెడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడినా బీపీ పెరుగుతుంది.

ఈ స్థాయిలో, వేరే లక్షణాలు లేకపోతే ముందు మాత్రలు ఇవ్వరు. ఎదిగే వయసు కాబట్టి కడుపు మాడ్చక్కర్లేదు. బరువు 47 దగ్గరే నిలిపి, ఎత్తు 147కు చేరితే చాలు, బీఎంఐ 21.8కి దిగుతుంది. కూల్‌డ్రింకులు, చిప్స్, నూడుల్స్ మానిపించండి. ఆవకాయ, వడియాలు, ఊరమిరపకాయలు రోజూ కంచంలోకి రాకూడదు. మజ్జిగన్నంలో విడిగా ఉప్పు వద్దు. రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, బక్కపలుచగా ఉంటుంది. బీపీ చూడనక్కర్లేదు కదా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: చూపించాలి. మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ ఏడాదికొకసారి. ఏడేళ్ల పాపకు 106/68 చేరితే పట్టికతో సరిచూడాలి. సన్నటి పిల్లల్లో బీపీ నిజంగా ఎక్కువుంటే మేం మరింత జాగ్రత్త పడతాం. కిడ్నీ జబ్బో, గుండె నుంచి వెళ్లే బృహద్ధమని ఇరుకో ఉండొచ్చు. అందుకే మూత్ర పరీక్ష చేయించి, గజ్జల్లో నాడి చూసి, కాలి బీపీ కూడా తీస్తారు. మామూలుగా కాలి బీపీ చేతికంటే తక్కువ ఉండదు, ఉంటే ఆ ధమని ఇరుకేమోనని అనుమానిస్తారు.