తహసీల్దారు కోర్టుకు పొమ్మంటే, కోర్టులో రెవెన్యూకు పొమ్మంటే?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. 1991లో మా నాన్నగారు రిజిస్టర్డ్ దస్తావేజుతో 18 సెంట్లు కొని ఇల్లు కట్టారు. ఇప్పుడు "ఇది ప్రభుత్వ పోరంబోకు, ఆక్రమణ ఖాళీ చేయండి" అని తహసీల్దారు నోటీసు ఇచ్చారు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా వేశాం. ఇది రెవెన్యూ వ్యవహారం, సివిల్ కోర్టుకు పరిధి లేదని ప్రభుత్వ న్యాయవాది అంటున్నారు. ఆర్డీవో గారిని కలిస్తే "కోర్టుకెళ్లారు కదా, అక్కడే తేల్చుకోండి" అన్నారు. అధికారం జడ్జిదా, తహసీల్దారుదా అని తేల్చే పై వేదిక ఏదైనా ఉందా? ఈలోగా ఇంటి పన్ను కట్టాలా, ఆపాలా?

జవాబు: అలాంటి ప్రత్యేక వేదిక మన దేశంలో లేదు. పరిధి ఉందో లేదో మీ దావా విన్న జడ్జే ముందు తేలుస్తారు. ఆ తీర్పు నచ్చనివారు పై కోర్టుకు వెళ్తారు. మీ కాగితాలు మీరు చెప్పినట్టే ఉంటే ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్న సివిల్ కోర్టుదే. అయితే మీ దావా వేసిన తీరులో ఒక ఇబ్బంది కనిపిస్తోంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మీరు అడిగిన లాంటి వేదిక ఫ్రాన్సులో ఉంది. విప్లవం వచ్చిన మరుసటి ఏడాదే, 1790లో, ప్రభుత్వాధికారుల పనుల్లో జడ్జీలు వేలు పెట్టకూడదని అక్కడ చట్టం చేశారు. దాంతో మామూలు కోర్టులు ఒక వైపు, ప్రభుత్వం మీద ఫిర్యాదులు వినే పరిపాలనా కోర్టులు మరో వైపు తయారయ్యాయి. ఏ కేసు ఎటు వెళ్లాలో చెప్పడానికి రెండు వైపుల జడ్జీలూ సమానంగా కూర్చునే 'వివాదాల ట్రిబ్యునల్' పెట్టారు. బోర్డోలో ప్రభుత్వ పొగాకు ఫ్యాక్టరీ బండి కింద పడి ఆగ్నెస్ బ్లాంకో అనే చిన్నపిల్ల గాయపడింది. పరిహారం కేసు ఎవరు వినాలన్నది 1873 ఫిబ్రవరి 8న ఆ ట్రిబ్యునలే తేల్చింది. జడ్జీలు సగం సగం చీలిపోయేసరికి న్యాయశాఖ మంత్రి ఓటుతో కేసు పరిపాలనా కోర్టు వైపు వెళ్లింది. ప్రభుత్వం మీద కేసు ఎటు పోవాలో ప్రభుత్వంలోని మంత్రే చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. అక్కడివాళ్లకూ అనిపించింది కానీ, మంత్రి పాత్ర తీసేయడానికి 2015 దాకా పట్టింది.

మన దగ్గర ఈ తగాదా సైన్యం దాకా వెళ్లింది. 1774లో కలకత్తాలో సుప్రీంకోర్టు పెట్టారు గానీ, దాని అధికారం ఎంత, గవర్నర్ జనరల్ కౌన్సిల్ అధికారం ఎంత అన్నది స్పష్టంగా రాయలేదు. 1779లో కాశీనాథ్ బాబు అనే వ్యాపారి తన బాకీ కోసం మేదినీపూర్ వైపు కాశీజోడా జమీందారు మీద ఆ కోర్టులో దావా వేశాడు. కోర్టు వారెంటు ఇచ్చింది, జమీందారు పరారయ్యాడు. ఆస్తి జప్తు చేయడానికి షెరీఫ్ (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అధికారి) మనుషులు బయల్దేరారు. "జమీందారులు మాకు శిస్తు కట్టేవాళ్లు, కోర్టు మాట వినక్కర్లేదు" అని గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ కౌన్సిల్ చెప్పింది. అంతటితో ఆగకుండా సిపాయిలను పంపి షెరీఫ్ మనుషులనే పట్టి బంధించింది. ఊరుకుంటుందా కోర్టు? ఈస్టిండియా కంపెనీ అటార్నీని (న్యాయవాదిని) ధిక్కారం కింద జైల్లో పెట్టింది. కాశీనాథ్ బాబు ఏకంగా గవర్నర్ జనరల్, కౌన్సిల్ సభ్యుల మీదే దావా వేశాడు.

1780లో హేస్టింగ్స్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అదే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీకి కంపెనీ పై సివిల్ కోర్టు అయిన సదర్ దివానీ అదాలత్ బాధ్యత కూడా జీతంతో సహా అప్పగించాడు! తగవులో ఒక పక్షానికి జీతమిచ్చి రాజీ కుదుర్చుకోవడం అన్నమాట. ఆ పదవి గురించి ఇంపీ తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి పార్లమెంటు 1781లో చట్టం చేసి శిస్తు వసూలు వ్యవహారాలను ఆ కోర్టు పరిధిలోంచి తీసేసింది. "ఇది రెవెన్యూ విషయం, కోర్టు చూడకూడదు" అని మీ కేసులో వినిపించిన వాదనకు అంత వయసుంది.

అయితే 1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దాన్ని కొంత తిరగేశాడు. కలెక్టర్ల చేతిలోంచి న్యాయాధికారం తీసేసి, వాళ్లు చేసిన పనులకు కోర్టులో జవాబు చెప్పేలా చేశాడు. 1802లో ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1816లో థామస్ మన్రో సంస్కరణలతో మేజిస్ట్రేటు, పోలీసు అధికారాలు మళ్లీ కలెక్టర్ల చేతికి చేరాయి. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నంత మంచి కలెక్టరే, నేనేమీ అనను. కానీ శిస్తు వసూలు చేసే చేయే తీర్పు కూడా చెప్పే అలవాటు మన జిల్లాల్లో అంతకాలం నిలవడంలో ఆయన వాటా ఉంది.

ఇప్పటి చట్టంలో తేల్చేది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 9. ఏదైనా చట్టం స్పష్టంగానో పరోక్షంగానో అడ్డుపెడితే తప్ప, సివిల్ తగాదాలన్నీ సివిల్ కోర్టువే. అడ్డు ఉందని ఎప్పుడు అనుకోవాలన్నది 1940లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లో ఉండేది) చెప్పింది. వక్కల మీద కస్టమ్స్ సుంకం గురించి మద్రాసు ప్రాంతం నుంచి వెళ్లిన కేసది. కోర్టు పరిధి పోయిందని తేలిగ్గా అనుకోకూడదని, పోయినా అధికారి చట్టం ప్రకారం నడిచాడా, న్యాయ విచారణ మూలసూత్రాలు పాటించాడా అని కోర్టు చూడొచ్చని అందులో అన్నారు. ఇంతా చెప్పి వ్యాపారిని ఓడించారు, అది వేరే సంగతి. 1968లో ధూలాభాయి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. పరిధి గురించి ఎవరు వాదించినా ఇప్పటికీ ఆ తీర్పే తీస్తారు.

మీకు నేరుగా పనికొచ్చే తీర్పు మాత్రం మన హైదరాబాదుదే. హబ్సిగూడలో కొన్ని భూములు నిజాం కాలంలో, 1932-37 మధ్య ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించారా లేదా అన్నది తగాదా. యూనివర్సిటీ 1956లో వేసిన దావా కింది కోర్టులోనూ హైకోర్టులోనూ ఓడిపోయింది. ఆ భూములను వేరేవాళ్లు కొనుక్కున్నారు. అప్పుడు ప్రభుత్వం రంగంలోకి దిగి 1964 డిసెంబరులో భూ ఆక్రమణ చట్టం (1905) కింద నోటీసు ఇచ్చి, అదే నెలలో ఖాళీ చేయమని ఉత్తర్వు వేసింది. కలెక్టరూ రెవెన్యూ బోర్డూ దాన్నే సమర్థించారు. 1982లో తుమ్మల కృష్ణారావు కేసుగా సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. హక్కు గురించి నిజాయితీ గల తగాదా ఉన్నప్పుడు, ఆస్తి తనదేనని ప్రభుత్వం తనకు తానే నిర్ణయించుకుని ఆ చట్టంలోని సత్వర పద్ధతితో గెంటేయడం కుదరదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి అంది. ఎన్నేళ్లుగా ఉంటున్నారన్నదొక్కటే కొలమానం కాదు, తగాదా నిజమైనదా కాదా అన్నదే ముఖ్యం అని కూడా అంది.

ఇక మీ దావా. ఇంజంక్షన్ ఒక్కటే అడిగారని రాశారు. అవతలివారు మీ హక్కునే కాదంటున్నప్పుడు అది చాలదు, హక్కు ప్రకటన కూడా అడగాలని వరంగల్ స్థలాల తగాదాలో (అనాతుల సుధాకర్ కేసు, 2008) సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్లెయింటు (దావా పత్రం) సవరించి, స్థలం మీదేనని ప్రకటించమని అడగండి. పరిధి లేదని దావా మొదట్లోనే కొట్టేయమంటే కోర్టు చూసేది మీ ప్లెయింటులో ఏం రాశారన్నదే. హక్కు గురించి అందులో గట్టిగా లేకపోతే వాళ్ల వాదనకు మీరే బలమిచ్చినట్టు. ప్రకటన అడిగితే కోర్టు ఫీజు స్థలం విలువను బట్టి పెరుగుతుంది. ఆ విలువ జూనియర్ సివిల్ జడ్జి పరిమితి దాటితే ప్లెయింటు సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు మారాలి. దానికి టెన్షన్ పడకండి. మంచి నమ్మకంతో, శ్రద్ధగా తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 మినహాయిస్తుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు సంగతి మీరు రాయలేదు. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా అర్జెంటు అని కోర్టు అనుమతి తీసుకోవాలి. ఈ రెండూ లేకపోతే పరిధి మాట అటుంచి, ఆ లోపంతోనే ప్లెయింటు వెనక్కొస్తుంది.

తహసీల్దారు నోటీసులో 'పోరంబోకు' అంటే ఏ పోరంబోకో చూడండి. ఆర్‌ఎస్‌ఆర్ (రీ సెటిల్‌మెంట్ రిజిస్టరు), పాత అడంగల్ (గ్రామ భూముల లెక్క), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పుస్తకం) నకళ్లకు దరఖాస్తు పెట్టండి. చెరువు, వాగు, డొంక, శ్మశానం అని ఉంటే మీ దారి చాలా కష్టం. అలాంటివాటి విషయంలో కోర్టులు ఎన్నేళ్ల ఇంటికైనా జాలిపడటం తక్కువ. నోటీసుకు రాతపూర్వక జవాబు ఇవ్వకుండా ఉండొద్దు. దావా ఉంది కదా అని అక్కడ మౌనంగా ఉంటే ఉత్తర్వు ఏకపక్షంగా వచ్చేస్తుంది. జవాబుకు దస్తావేజు, లింకు దస్తావేజులు (అంతకు ముందు యజమానుల కాగితాలు) జతచేసి, హక్కు తగాదా ఉందని స్పష్టంగా రాయండి. అంతా కాదని జేసీబీ పంపితే ఆపమని హైకోర్టులో రిట్ వేయవచ్చు గానీ, స్థలం ఎవరిదన్నది హైకోర్టు రిట్‌లో మామూలుగా తేల్చదు.

కొందరు ఇంకా ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి అడుగుతున్నారు. హక్కు తగాదాలను సివిల్ కోర్టుల నుంచి టైటిల్ అధికారులకు మార్చిన ఆ ఆంధ్రప్రదేశ్ చట్టం మీద న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, 2024లో అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది. మీ కేసుకు అది అడ్డు కాదు. పాస్‌బుక్కుల చట్టం (1971) సెక్షన్ 8(2) కూడా, రికార్డులో ఎంట్రీ వల్ల హక్కు దెబ్బతిన్నవారు సివిల్ కోర్టులో ప్రకటన కోరవచ్చనే అంటుంది.

ఇంటి పన్ను ఆపకండి. రసీదు హక్కును రుజువు చేయదు గానీ, స్వాధీనానికి సాక్ష్యంగా పనికొస్తుంది. కరెంటు బిల్లులు, 1991 తర్వాత మీ నాన్నగారి పేర వచ్చిన పన్ను డిమాండు నోటీసులు ఉంటే అసళ్లు మీ దగ్గర ఉంచుకుని, నకళ్లు మీ లాయరుకివ్వండి.