ఆ ఫోన్ మీరే ఎత్తాల్సింది

ప్రశ్న: చర్చి సంఘంలో పెద్దను. కానుకల లెక్కలు నేనే చూస్తాను. దశమభాగం (ఆదాయంలో పదో వంతు కానుక) ఎన్నడూ తప్పలేదు. 16 ఏళ్ల మా అమ్మాయి ఆర్నెల్లుగా మందిరానికి రానంటోంది. అన్నయ్యకు నేను డబ్బివ్వాలి, నోటేమీ లేదు. ఒకరోజు ఆయన ఫోన్ చేస్తే నేను లేనని అమ్మాయితో చెప్పించాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ప్రార్థన చేయమంటే లేచి వెళ్లిపోయింది. యూత్ క్యాంపుకు పంపితే మారుతుందా? పాస్టర్ గారితో గట్టిగా చెప్పించమంటారా?

జవాబు: రెండూ వద్దు. మారాల్సింది అమ్మాయి కాదు.

ఉత్తరం నిండా కూతురే ఉంది, అన్నయ్యకు రెండు మూడు ముక్కలతో సరిపెట్టారు. నేను అక్కడే ఆగిపోయాను. "పెదనాన్నా, నాన్న ఇంట్లో లేరు" అని ఆ పిల్ల మీ ఎదురుగానే నిలబడి చెప్పింది. రాత్రి అదే నోటితో ప్రార్థన చేయమంటే మాట ఎలా పెగులుతుంది? నిజానికి ఆమె మీద నాకు గౌరవం కలిగింది. విశ్వాసాన్ని తేలిగ్గా తీసుకునే పిల్లయితే అబద్ధమూ చెప్పేది, ప్రార్థనా చేసేసేది.

అన్నయ్య నోటు రాయించుకోలేదంటే మీరు తమ్ముడనే కదా! ఆ నమ్మకమే మీకు వెసులుబాటైంది.

బైబిల్లో మత్తయి 5:23, 24 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఈసారి నెమ్మదిగా చదవండి. సహోదరుడి మీద నీకు కోపం ఉంటే అని కాదు అక్కడున్నది. నీ మీద అతనికేమైనా ఉందని గుర్తొస్తే అర్పణను బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడమని ఉంది. దశమభాగం తప్పని మనిషికి అన్నయ్య బాకీ గుర్తురాకుండా ఉంటుందా?

పన్నులు వసూలు చేసే జక్కయ్యను సండే స్కూల్లో చెట్టెక్కిన పొట్టివాడిగా చెప్పి వదిలేస్తాం. అసలు సంగతి చెట్టు దిగాక ఉంది. అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, ఎవరూ అడగకుండానే. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాతే వస్తుంది (లూకా 19). మీరు నాలుగంతలు ఇవ్వనక్కర్లేదు, తీసుకున్న అసలు ఇస్తే చాలు.

మొత్తం ఒకేసారి కుదరకపోతే ఆ మాటే చెప్పండి. ఎంత, ఏ తేదీకి ఇస్తారో కాగితం మీద రాసివ్వండి. "పరిస్థితులు బాగాలేక" అని మొదలుపెట్టకండి. "తప్పించుకు తిరిగాను అన్నయ్యా, క్షమించు" అనండి. డబ్బు సర్దడం ఆలస్యం కావచ్చు, ఆ ఫోన్ చేయడానికి ఆలస్యమెందుకు?

అమ్మాయికి విడిగా క్షమాపణ చెప్పాలి. "నీ చేత అబద్ధమాడించాను, తప్పు నాదే" అని చెప్పి ఊరుకోండి. "మరి ఆదివారం వస్తావా?" అని వెంటనే అడక్కండి, అది బేరమవుతుంది.

క్యాంపు సంగతంటారా, అన్నయ్యకు మొదటి వాయిదా అందాక మళ్లీ రాయండి.