చేసి చూద్దాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పరిధిలోని నాలుగు చిన్న బడులు కలిసి ఒక పూట సైన్సు పండగ పెట్టుకుంటున్నాం. పిల్లలు 120 మంది, టీచర్లు ఎనిమిది మంది. క్రితంసారి అందరూ ఒక్క బల్ల దగ్గరే మూగారు, మిగతావి ఖాళీగా మిగిలాయి. ఈసారి ఎలా నడపాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: ఎనిమిది మంది టీచర్లున్నారు కదా అని ఎనిమిది బల్లలు వేయకండి. ఆరు చాలు. ఆరుగురు తమ బల్ల దగ్గరే ఉంటారు, ఒకరు సమయం చూసి గంట కొడతారు, ఇంకొకరు టేపు, కత్తెర, అదనపు సామాను పట్టుకుని తిరుగుతారు. ఈ ఇద్దరినీ కూడా బల్లలకు కట్టేస్తే మొదటి తీగ తెగగానే అక్కడ అంతా ఆగిపోతుంది.

పిల్లల్ని ఇరవై మంది చొప్పున ఆరు జట్లు చేయండి. బల్లకు 20 నిమిషాలు, మారడానికి 5. ఆరు విడతలకు రెండున్నర గంటలు, నడుమ విరామం మరో 20 నిమిషాలు. జట్లన్నీ ఒకే దిక్కుగా తిరగాలి. ముగింపుకు రెండు నిమిషాల ముందు ఒకసారి గంట కొట్టాలి, మారడానికి రెండుసార్లు.

బల్ల మీద పరికరం ఒక్కటే ఉంటే ఒకరు చేస్తారు, పందొమ్మిది మంది చూస్తారు. నలుగురికి ఒకటి లెక్కన ఐదు సెట్లు, పాడైతే మార్చడానికి ఆరోది ఉండాలి. ఐదు సెట్లు సమకూరని ప్రయోగం ఎంత ముచ్చటైనదైనా ఆ రోజుకు వదిలేయండి. శబ్దం వచ్చేవీ పైకి ఎగిరేవీ బల్లల మధ్య పెట్టకండి. జనం మూగేది వాటి దగ్గరే. అలాంటివి చివర్లో మైదానంలో అందరికీ కలిపి పెట్టండి. ముందురోజు నలుగురు పిల్లలతో ప్రతి బల్లా నడిపి చూడండి. పదిహేను నిమిషాల్లో తెమలని పనిలో ఒక మెట్టు తగ్గించాల్సిందే.

ప్రశ్న: రెండు నిమ్మకాయలకు రాగి తీగ, మేకు గుచ్చి ఎల్ఈడీ కలిపాం. వెలగలేదు. నిమ్మకాయల్లో పులుపు చాలలేదా?
– ఒక సైన్సు టీచరు

జవాబు: పులుపుతో ఇబ్బంది లేదు, వోల్టులు చాలలేదు. రాగి, జింకు (మేకు మీది పూత) జంట ఒక్కో కాయకు సుమారు 0.9 వోల్టులిస్తుంది. ఎరుపు ఎల్ఈడీకి దాదాపు 1.8 కావాలి. రెండు కాయలు కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తాయి కానీ, కాయ లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి కరెంటు తీసుకోగానే వోల్టేజి పడిపోతుంది. నాలుగు కాయలు వరసగా కలపండి: ఒకదాని రాగి పక్కదాని మేకుకు. చివరికి మిగిలిన రాగిని ఎల్ఈడీ పొడుగు కాలికి, మిగిలిన మేకును పొట్టి కాలికి కలపాలి. నీలం, తెలుపు ఎల్ఈడీలు తీసుకోకండి, వాటికి మూడు వోల్టుల దాకా కావాలి.

మేకుకు జింకు పూత ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మేకు పనికిరాదు, మామూలు ఇనపదైతే వోల్టేజి ఇంకా తగ్గుతుంది. కాయను బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లిస్తే లోపలి పొరలు చిట్లి రసం కలుస్తుంది. సన్న తీగ కన్నా వెడల్పాటి రాగి రేకు మేలు. కాయ లోపల రాగి, మేకు తగలకూడదు.

వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, ఎల్ఈడీ తీసేసి కొలవండి. నాలుగు కాయలకు 3.6 దగ్గర చూపాలి. 1.8 చూపిస్తే ఒక కాయను తిరగేసి కలిపారన్నమాట. తనవంతు 0.9 ఇవ్వకపోగా పక్కవాటిది మరో 0.9 తినేస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా వెలుగు మిణుకుమిణుకుమంటుంది, చీకటి మూలలో పెట్టండి.

ఇంకొక మాట. శక్తి నిమ్మకాయలోంచి వస్తోందని పిల్లలకు చెప్పేస్తుంటారు. కరిగేది జింకు, శక్తి అక్కడి రసాయన చర్యలోంచి వస్తుంది. పులుపు రసం ఆ చర్యలో పాలుపంచుకుంటుంది, కరెంటుకు దారీ ఇస్తుంది. జింకు కలిసిన ఆ కాయల్ని తర్వాత పారేయాలి.

ప్రశ్న: మా నీటి రాకెట్ (సీసాలో నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి ఎగరేసేది) పైకి లేచి గిరికీలు కొట్టి పక్కన పడుతోంది. నీళ్లెన్ని పోయాలి?
– ఒక విద్యార్థి

జవాబు: నీళ్లు మూడోవంతుకు కాస్త తక్కువ. రెండు లీటర్ల సీసాకు 600 మిల్లీలీటర్లు. ఎక్కువైతే బరువు పెరిగి గాలికి చోటు తగ్గుతుంది, మరీ తక్కువైతే వెనక్కి నెట్టడానికి ఏమీ ఉండదు.

గిరికీలకు కారణం బరువు వెనకనుండడం. ముక్కు దగ్గర బంకమట్టి ముద్ద పెట్టి, వెనక మూడు రెక్కలు టేపుతో అతికించు. వేడి జిగురు వద్దు, సీసా గోడ బలహీనపడుతుంది. ఖాళీ రాకెట్‌ను సమంగా నిలిచే చోట తాడుతో కట్టి తలచుట్టూ తిప్పు. ముక్కు ముందుకు నడిస్తే సరే, వెనక్కి తిరిగితే ముక్కుకు ఇంకాస్త బరువు చేర్చు.

సీసా గ్యాస్ డ్రింకుదే అయ్యుండాలి. నీళ్ల సీసా పలచన. గీతలూ నొక్కులూ పడింది పనికిరాదు. పీడనం చూపే మీటరున్న పంపు వాడి, 40 పీఎస్ఐ దాటనివ్వకు. అందరూ పది మీటర్ల అవతల, పంపు కొట్టేవారు కళ్లకు రక్షణ అద్దాలతో. ఎగరకుండా నిలిచిపోయిన రాకెట్ మీదికి ఎవరూ వంగకూడదు, ముందు దూరం నుంచే గాలి వదిలే ఏర్పాటుండాలి. పెద్దవాళ్లు దగ్గర లేకుండా మొదలుపెట్టకు.

ప్రశ్న: సైన్సు పండగలో ఖర్చు లేకుండా చిన్న తరగతులకు ఒక బల్ల మీద ఏ ప్రయోగం పెట్టవచ్చు?
– ఒక టీచరు

జవాబు: లోలకం. దారం, ఒక నట్టు, గడియారం. కట్టిన చోటు నుంచి నట్టు మధ్య వరకు మీటరుంటే ఒక పోకరాక సుమారు 2 సెకన్లు, 25 సెంటీమీటర్లయితే 1 సెకను. పది ఊపులు లెక్కించి పదితో భాగించాలి. పిల్లలు వదలగానే ‘ఒకటి’ అంటారు, అప్పుడు లెక్కకొచ్చేవి తొమ్మిదే. ‘సున్నా’తో మొదలుపెట్టించండి. ఊపు చిన్నదిగా ఉండాలి.

ప్రశ్న: సైన్సు ప్రయోగాల సామాను పెట్టెలు బడుల మధ్య తిప్పుతున్నాం. సగం తగ్గి వస్తున్నాయి.
– ఒక సమన్వయకర్త

జవాబు: మూత లోపల ప్రతి వస్తువు బొమ్మా, సంఖ్యా అతికించండి. నిండు పెట్టెను తూచి బరువు మూత మీద రాయండి, తిరిగొచ్చినప్పుడు తూస్తే బరువైన వస్తువు పోయిన సంగతి విప్పకుండానే తెలుస్తుంది. ఎల్ఈడీలూ తీగలూ పోయేవే కాబట్టి వేరే సంచిలో, ఎక్కువగా పెట్టండి.

పోవడం కన్నా పాడవడమే ఎక్కువ. బ్యాటరీలు పరికరంలోనే ఉంచేస్తే కారి స్ప్రింగుల్ని తినేస్తాయి. అయస్కాంతాలతో కలిపి పెట్టిన దిక్సూచి ముల్లు తలకిందులై ఉత్తరాన్ని దక్షిణమంటుంది. మల్టీమీటర్‌ను కరెంటు కొలిచే స్థానంలో పెట్టి బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఫ్యూజు పోతుంది. మీటరు చచ్చిపోయిందని పక్కన పెట్టేసేది చాలాసార్లు దీనివల్లే. ప్రతి పెట్టెలో మీటరులో ఉన్న రేటింగువే ఫ్యూజులు రెండు, ఒక చిన్న స్క్రూడ్రైవర్ ఉంచండి.